సీసీఎన్‌ఏ కోసం పాత సిస్కో కిట్ కొంటున్నారా? ఆగండి.. మీ దగ్గరున్న ల్యాప్‌టాప్, ఫోన్, మూలన పడేసిన రౌటర్ చాలు

నేను ఇక్కడ సాధారణంగా 'ఇది కొనొచ్చు, అది వద్దు' అంటూ ఫోన్ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటాను. ఈసారి రివ్యూ కూడా లేకుండా ఒక వస్తువు వద్దని చెప్పబోతున్నాను. అది సెకండ్‌హ్యాండ్ 'సీసీఎన్‌ఏ ల్యాబ్ కిట్'.

మీరూ చూసే ఉంటారు. 1841 లేదా 2811 మోడల్ సిస్కో రౌటర్లు రెండు, 2960 స్విచ్‌లు రెండు మూడు, లేత నీలం రంగు కన్సోల్ కేబుల్ ఒకటి. ఏదో ఆఫీసు ఖాళీ చేసినప్పుడు స్క్రాప్‌కి వచ్చిన సరుకు. ఫొటోలో రాక్‌లో పెట్టి, పచ్చ లైట్లు వెలిగించి చూపిస్తారు. చూడగానే 'ఇది ఉంటే మనమూ నెట్‌వర్క్ ఇంజినీర్లమే' అనిపిస్తుంది. నిజంగా అందంగానే ఉంటుంది, అందులో అనుమానం లేదు.

కానీ ఆ డబ్బు ఎవరిది? ఎక్కువ భాగం బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళది, డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో హాస్టల్ తీసుకుని కోర్సు చేస్తున్నవాళ్ళది. అంటే ఇంటి నుంచి నెలనెలా వచ్చే డబ్బు. సీసీఎన్‌ఏ పరీక్ష ఫీజే 300 డాలర్లు, పైన పన్ను అదనం. కిట్ కొని, పరీక్షకి డబ్బుల్లేక ఆరు నెలలు వాయిదా వేసినవాళ్ళని నేను చూశాను. సర్టిఫికెట్ రెజ్యూమేలో కనబడుతుంది. మంచం కింద ఉన్న స్విచ్ కనబడదు కదా.

సరే, డబ్బు సంగతి పక్కన పెట్టినా ఆ కిట్ మంచి కొనుగోలు కాదు. ఇవి సర్వర్ రూమ్‌లో ఉండాల్సిన యంత్రాలు. ఫ్యాన్ మోత ముగ్గురు పడుకునే హాస్టల్ గదిలో భరించలేరు. వాటిలోని సాఫ్ట్‌వేర్ ఎంత పాతదంటే, ఈ రోజు మీ ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అవ్వబోతే చాలాసార్లు అసలు కనెక్టే కాదు. అవి వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతులను కొత్త ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌లు భద్రత కోసం ఆపేశాయి. పైగా 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తున్న 200-301 సిలబస్‌లో వైర్‌లెస్ కంట్రోలర్లు, ఆటోమేషన్, జేసన్, రెస్ట్ ఏపీఐలు ఉన్నాయి. పదిహేనేళ్ళ కిందటి డబ్బా అవి నేర్పదు.

అసలు విషయం వేరే ఉంది. నెట్‌వర్క్ ఉద్యోగంలో మీకు జీతం ఇచ్చేది కమాండ్లు టైప్ చేసినందుకు కాదు. 'నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ పనిచేయట్లేదు' అని ఎవరో ఫోన్ చేసినప్పుడు, ఎక్కడ ఆగిందో వెతికి పట్టుకున్నందుకు. ఆ అలవాటు రావాలంటే మీకు కావాల్సింది ఖరీదైన పరికరం కాదు, పాడైపోయిన నెట్‌వర్క్. దాన్ని ఉచితంగానే తయారు చేసుకోవచ్చు.

పాడు చేసే ఆట

మొదటి మెట్టు ప్యాకెట్ ట్రేసర్. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచిత అకౌంట్ తెరిస్తే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. విండోస్, మ్యాక్, ఉబుంటు మూడింటికీ ఉంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఇది చాలామందికి తెలిసిందే. యూట్యూబ్‌లో జెరెమీస్ ఐటీ ల్యాబ్ వంటి ఛానెళ్ళలో పూర్తి కోర్సు, దానికి తగిన ల్యాబ్ ఫైళ్ళు ఉచితంగా దొరుకుతాయి. అది కూడా చాలామందికి తెలుసు.

కానీ మనవాళ్ళు దాన్ని వాడే పద్ధతి నాకు నచ్చదు. వీడియో చూస్తారు, అందులో ఉన్నట్టే గీస్తారు, అవే కమాండ్లు కొడతారు. పింగ్ వెళ్ళగానే 'వచ్చేసింది' అని ఫైల్ మూసేస్తారు. నా లెక్కలో ల్యాబ్ అక్కడే మొదలవ్వాలి.

ఇలా చేసి చూడండి. మీ స్నేహితుడు ఒకరితో జత కట్టండి. మీరు పనిచేసే ఒక నెట్‌వర్క్ కట్టి, ఆ పీకేటీ ఫైల్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. వాడు అందులో రెండు చోట్ల పాడు చేసి, ఎక్కడో చెప్పకుండా తిరిగి పంపాలి. దాంతోపాటు ఒక్క వాక్యం ఫిర్యాదు రాయాలి. అది కూడా ఇంజినీరు భాషలో కాదు, ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు రాసినట్టు: 'మా వైపు ప్రింటర్ రావట్లేదు సార్, పక్క రూమ్‌లో వస్తోంది.' మీరు కాన్ఫిగరేషన్ మొత్తం తిరగేయకుండా, షో కమాండ్లతో మాత్రమే వెతికి పట్టుకోవాలి. టైమ్ పెట్టుకుంటే ఇంకా మజా. బీజీఎంఐ ఆడినంత ఇదిగా ఆడొచ్చు, నమ్మండి.

ఒక తప్పు ఉదాహరణకి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. ఆఫీసు నెట్‌వర్క్ 192.168.10.0/24. పీసీలన్నిటికీ మాస్క్ 255.255.255.0 సరిగ్గానే ఉంది. కానీ రౌటర్ ఇంటర్‌ఫేస్ మీద మాత్రం 192.168.10.1కి మాస్క్ 255.255.255.128 అని పడింది. ఇప్పుడేం జరుగుతుంది? పీసీలన్నీ ఒకదానితో ఒకటి బాగానే మాట్లాడుకుంటాయి. అడ్రస్ 126 లోపు ఉన్నవాళ్ళకి ఇంటర్నెట్ కూడా వస్తుంది. 200 అడ్రస్ ఉన్న మనిషికి మాత్రం రాదు, ఎందుకంటే రౌటర్ దృష్టిలో ఆ పీసీ ఈ నెట్‌వర్క్‌లోనే లేదు. ఆఫీసులో ఇరవై మంది ఉన్నంతకాలం ఇది ఎవరికీ కనబడదు. మనుషులు పెరిగి, డీహెచ్‌సీపీ పెద్ద నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టాక ఒక్కొక్కరూ 'నాకు నెట్ లేదు' అంటారు. పాత ఉద్యోగులకి అంతా బాగుంటుంది, కొత్తగా చేరినవాళ్ళకే బాధ. సబ్‌నెట్టింగ్ లెక్కలు కాగితం మీద వంద చేసినా రాని అవగాహన, ఈ ఒక్క తప్పుని వెతికితే వస్తుంది.

ప్యాకెట్ ట్రేసర్ నిజమైన రౌటర్ కాదు, సిమ్యులేటర్ అని గుర్తుంచుకోండి. అందులో రాసిపెట్టినంత వరకే పనిచేస్తుంది. బీజీపీలో ఒకే ఏఎస్ నంబర్ ఉన్న రెండు రౌటర్లని కలపబోతే 'ఈ వెర్షన్‌లో ఇంటర్నల్ బీజీపీ లేదు' అని ముఖం మీదే చెప్పేస్తుంది. సీసీఎన్‌ఏ దాకా ఫర్వాలేదు. ఆ పైకి వెళ్ళాలంటే వేరే దారి చూడాలి.

అసలు రౌటర్లు ల్యాప్‌టాప్‌లోనే

ఇక్కడ చాలామంది జీఎన్‌ఎస్3 అంటారు. మంచి సాఫ్ట్‌వేరే, ఉచితమే. కానీ సిస్కో రౌటర్ నడవాలంటే అందులో సిస్కో ఐఓఎస్ ఇమేజ్ పెట్టాలి, అది జీఎన్‌ఎస్3తో రాదు. అప్పుడు మొదలవుతుంది టెలిగ్రామ్ గ్రూపుల్లో వేట. లైసెన్స్ లేని ఇమేజ్, ఎవరు ఎక్కించారో తెలియని జిప్ ఫైల్, అదీ మీ బ్యాంక్ యాప్‌లు వాడే ల్యాప్‌టాప్‌లో. ఇది నేను అస్సలు సలహా ఇవ్వను, అవసరం కూడా లేదు. సిస్కోనే కావాలంటే, సిస్కో మోడలింగ్ ల్యాబ్స్‌లో ఐదు నోడ్ల వరకు నడిపే ఉచిత వెర్షన్ ఉంది. ఐదు చాలవు అనిపించొచ్చు. ఓఎస్‌పీఎఫ్ అర్థం చేసుకోవడానికి మూడు చాలు.

నా ఓటు మాత్రం లినక్స్‌కి. లినక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అని ఒక సదుపాయం ఉంది. ఒకే కంప్యూటర్‌లో వేర్వేరు గదులు కట్టి, ఒక్కో గదికి సొంత ఇంటర్‌ఫేస్‌లు, సొంత రౌటింగ్ టేబుల్ ఇచ్చినట్టు. గదికీ గదికీ మధ్య ఊహా కేబుల్ లాగొచ్చు. ఈ రోజు కంపెనీలన్నీ వాడుతున్న డాకర్ కింద నడిచేది కూడా ఇదే. కాబట్టి మీరు ప్రాక్టీస్ పేరుతో నేర్చుకునేది నేరుగా ఉద్యోగంలో పనికొస్తుంది.

ఆ గదుల్లో ఎఫ్‌ఆర్‌రౌటింగ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెడితే అవి అసలైన రౌటర్లే. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అన్నీ నడుస్తాయి. కమాండ్లు కూడా సిస్కోలో ఉన్నట్టే ఉంటాయి, 'షో ఐపీ రూట్' అంటే అదే వస్తుంది. చిన్న ర్యామ్‌లో పది రౌటర్లు తేలిగ్గా సర్దుకుంటాయి. కాస్త బలమైన ల్యాప్‌టాప్, అంటే 8 జీబీ, వీలైతే 16 జీబీ ర్యామ్ ఉంటే కంటెయినర్‌ల్యాబ్ చూడండి. చిన్న టెక్స్ట్ ఫైల్‌లో 'ఈ రౌటర్లు, వాటి మధ్య ఈ తీగలు' అని రాస్తే మొత్తం ల్యాబ్ అదే కట్టేస్తుంది. నోకియా వాళ్ళ ఎస్‌ఆర్ లినక్స్ రౌటర్ ఇమేజ్ రిజిస్ట్రేషన్ కూడా అడగకుండా దొరుకుతుంది. అరిస్టా వాళ్ళదైతే రిజిస్టర్ చేసుకుని ఉచితంగా తీసుకోవచ్చు. అంటే పెద్ద డేటా సెంటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ మీ ఒళ్ళో ఉన్నట్టే. పదేళ్ళ కిందట ఇది ఊహించలేనిది.

ఇక్కడ కూడా పాడు చేయడం మర్చిపోవద్దు. రెండు రౌటర్ల మధ్య తీగకి ఒక చివర ఎంటీయూ 1500, రెండో చివర 1400 పెట్టండి. పింగ్ వెళ్తుంది. ఓఎస్‌పీఎఫ్ పొరుగువాళ్ళు ఒకరినొకరు చూసుకుంటారు కూడా. కానీ పూర్తిగా కలవరు, ఎక్స్‌స్టార్ట్ దగ్గరో ఎక్స్ఛేంజ్ దగ్గరో ఆగిపోతారు. 'పింగ్ వస్తోంది, నైబర్ మాత్రం ఫుల్ అవ్వట్లేదు, ఏం చూస్తారు?' అనేది ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్న. పుస్తకంలో చదివినవాడు 'ఎంటీయూ మిస్‌మ్యాచ్' అని రెండు ముక్కల్లో చెప్పి ఆగిపోతాడు. చేసి చూసినవాడు ఏ లాగ్‌లో ఏ లైన్ కనబడిందో చెప్తాడు. తేడా ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

జేబులో ఉన్న ల్యాబ్

ఇది ఫోన్ల సైట్ కాబట్టి ఫోన్ గురించి చెప్పకుండా ఎలా? మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఒక మంచి నెట్‌వర్క్ పరికరం, మనం రీల్స్‌కి మాత్రమే వాడతాం అంతే.

వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఉండి, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్ళి ఐపీ అడ్రస్ చూడండి. ముఖ్యంగా జియో సిమ్ ఉంటే, ఒక పొడవాటి ఐపీవీ6 అడ్రస్, పక్కనే 192.0.0.4 లాంటి చిన్న అడ్రస్ కనబడొచ్చు. ఆ చిన్నది నెట్‌వర్క్ ఇచ్చింది కాదు. నెట్‌వర్క్ ఐపీవీ6 మాత్రమే ఇచ్చినప్పుడు, ఐపీవీ4 తప్ప ఇంకోటి తెలియని యాప్‌లు ఆగిపోకుండా ఆండ్రాయిడ్ తనకి తానే పెట్టుకునే అడ్రస్. ఈ ఏర్పాటు పేరు 464ఎక్స్‌లాట్. ఐపీవీ6 'ఎప్పుడో భవిష్యత్తులో వస్తుంది' అని ఇంకా చెప్పే లెక్చరర్లు ఉన్నారు. అది ఆ లెక్చరర్ గారి జేబులోనే నడుస్తూ ఉంటుంది.

టెర్మక్స్ వేసుకోండి, ఎఫ్-డ్రాయిడ్ నుంచి తీసుకోవడం మేలు. పింగ్, ట్రేస్‌రూట్, డీఎన్‌ఎస్ ప్రశ్నలకి డిగ్, పైథాన్ అన్నీ వస్తాయి. రూట్ చేయని ఫోన్‌లో కొన్ని కమాండ్లు మొరాయిస్తాయి, దాని కోసం ఫోన్ రూట్ చేయొద్దు. ప్యాకెట్లు చూడాలంటే పీక్యాప్‌డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది, రూట్ లేకుండానే పట్టుకుంటుంది. ఆ ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్‌తో తెరవొచ్చు. మీరు ముట్టుకోకపోయినా ఫోన్ ఎన్ని చోట్లకి ఫోన్లు కలుపుతుందో చూస్తే నెట్‌వర్కింగ్ సంగతి దేవుడెరుగు, కొన్ని యాప్‌లు తీసేయాలనిపిస్తుంది.

వైర్‌షార్క్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పని. ల్యాప్‌టాప్‌లో క్యాప్చర్ మొదలుపెట్టి, వైఫై ఆపి మళ్ళీ కలపండి. డీహెచ్‌సీపీకి డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అని నాలుగు మెట్లు చదివాం. మీకు చాలాసార్లు చివరి రెండే కనబడతాయి. పుస్తకం అబద్ధం కాదు, మీ ల్యాప్‌టాప్‌కి పోయినసారి ఇచ్చిన అడ్రస్ గుర్తుంది, 'అదే మళ్ళీ ఇస్తావా' అని నేరుగా అడుగుతోంది. నాలుగూ చూడాలంటే ఏం చేయాలో మీరే కనిపెట్టండి.

ఒక హెచ్చరిక. ఎన్‌మ్యాప్ లాంటి స్కానింగ్ టూల్స్ మీ సొంత నెట్‌వర్క్ మీదే వాడండి. కాలేజీ వైఫై, హాస్టల్ వైఫై, పక్కింటివాళ్ళ రౌటర్ వద్దు. అనుమతి లేకుండా ఇతరుల సిస్టమ్‌లో జొరబడితే ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 66 కింద కేసు అవుతుంది, మూడేళ్ళ దాకా జైలు ఉంది. 'నేర్చుకుంటున్నాను సార్' అంటే వినరు.

మూలన పడేసిన రౌటర్

చాలా ఇళ్ళలో పాత టీపీ-లింక్ రౌటర్, డీ-లింక్ రౌటర్ ఒకటి అటక మీద ఉంటుంది. దాన్ని దించండి. (బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చిన పెట్టె అయితే ముందు అది మీదేనా, తిరిగి ఇవ్వాలా చూసుకోండి.) దాని వ్యాన్ పోర్ట్‌ని ఇప్పుడున్న రౌటర్ ల్యాన్ పోర్ట్‌కి కలిపి, లోపల 192.168.50.0 లాంటి వేరే నెట్‌వర్క్ ఇవ్వండి. ఇప్పుడు ఆ రౌటర్ వెనక ఉన్నదంతా మీ రాజ్యం. ఏం పాడు చేసినా హాల్‌లో అమ్మ చూస్తున్న సీరియల్ ఆగదు, నాన్నగారి యూపీఐ ఆగదు. ఈ జాగ్రత్త తీసుకోకపోతే మీ నెట్‌వర్కింగ్ కెరీర్ ఇంట్లోనే ముగుస్తుంది.

మోడల్ అనుకూలిస్తే అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేయొచ్చు. అప్పుడు ఆ చిన్న పెట్టె పూర్తి లినక్స్ రౌటర్ అవుతుంది. వీల్యాన్‌లు, ఫైర్‌వాల్, ప్యాకెట్ క్యాప్చర్ అన్నీ అందులోనే. కానీ మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్ లాంటి వాటిలో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ మాత్రమే ఉంటాయి, కొత్త వెర్షన్లు పట్టవు. ఆర్చర్ సీ7 లాంటివి అయితే హాయి. పెట్టె వెనక స్టిక్కర్ మీద ఉన్న హార్డ్‌వేర్ వెర్షన్‌ని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాతో పోల్చి చూశాకే ముందుకు వెళ్ళండి. మోడల్ ఒకటే అయినా వెర్షన్ మారితే లోపల చిప్పే మారిపోతుంది.

అలాగే మీ అసలు రౌటర్‌లోకి లాగిన్ అయి వ్యాన్ అడ్రస్ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. అంటే మీ పబ్లిక్ అడ్రస్‌ని ఇంకా చాలా ఇళ్ళతో పంచుకుంటున్నారు. ఇంటి సీసీటీవీకి పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత పెట్టినా బయట నుంచి రాకపోవడానికి తరచుగా ఇదే కారణం. వీధిలో ఇద్దరికి ఇది విడమర్చి చెప్పగలిగితే మీకు న్యాట్ వచ్చినట్టే.

డబ్బు పెట్టాలనే ఉంటే ఇక్కడ పెట్టండి: క్రింపింగ్ టూల్, కేబుల్ టెస్టర్, కొన్ని ఆర్‌జే45 కనెక్టర్లు, పది మీటర్ల క్యాట్6. మామూలు రకం తీసుకుంటే వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటూ. కేబుల్ కట్టడం ఏ సిమ్యులేటరూ నేర్పదు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. చేతులకి అలవాటయ్యేదాకా పది చేయండి. తర్వాత కావాలనే ఒక కేబుల్‌లో నీలం జత తెంపి కలపండి. నెట్ ఆగదు, కానీ స్పీడ్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది, ఎందుకంటే గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని స్పీడ్ టెస్ట్‌లో సరిగ్గా 94 దగ్గర ఆగిపోయే ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు కంపెనీని తిడుతుంటారు. ముందు ఆ కేబుల్ చూడండి.

నిజమైన వీల్యాన్ స్విచ్ ముట్టుకోవాలనిపిస్తే టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ105ఈ లాంటి చిన్న ఐదు పోర్టుల స్మార్ట్ స్విచ్ చాలు. ఫ్యాన్ ఉండదు, మోత ఉండదు, తర్వాత ఇంట్లోనే వాడుకోవచ్చు.

క్లౌడ్ గురించి ఎక్కువ చెప్పను. నేర్చుకోవాల్సిందే, కానీ కార్డ్ ఇచ్చి మొదలుపెట్టే చోటు కాదు. ఏడబ్ల్యూఎస్‌లో న్యాట్ గేట్‌వే ఒకటి పెట్టి మర్చిపోతే, దాన్ని ఎవరూ వాడకపోయినా గంటకింత అని బిల్లు నడుస్తుంది. ముందు లినక్స్‌లో రౌటింగ్, ఫైర్‌వాల్ బాగా వచ్చాక వెళ్తే అక్కడ కొత్తగా నేర్చుకునేది తక్కువే.

'మరి అసలు హార్డ్‌వేర్ ముట్టుకోకపోతే ఉద్యోగం ఇస్తారా?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాక్‌లో బిగించడం, ఫైబర్ చివర శుభ్రం చేయడం, పాస్‌వర్డ్ రికవరీ, పవర్ సప్లై మార్చడం ఇంట్లో రావు. కానీ ఇవన్నీ ఉద్యోగంలో చేరాక సీనియర్ పక్కన నిలబడి కొన్ని వారాల్లో నేర్చుకునేవి. ఏఆర్‌పీ అర్థం కాని ఫ్రెషర్‌కి ఏఆర్‌పీ నేర్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

కోచింగ్‌కి వెళ్ళొద్దని నేను అనట్లేదు. రోజూ ఒక టైమ్‌కి కూర్చోబెట్టే మనిషి కొందరికి కావాలి, అది తప్పు కాదు. అయితే 'రియల్ రాక్ ల్యాబ్' అని ఫీజు ఎక్కువ చెప్తే, కట్టే ముందు మూడు విషయాలు అడగండి. ఒక్కో రాక్ మీద బ్యాచ్‌లో ఎంతమంది? వారానికి నా చేతికి కీబోర్డ్ ఎన్ని గంటలు వస్తుంది? పరికరాలని పాడు చేసి, నన్ను వెతకమని ఇచ్చే క్లాసులు ఉన్నాయా? మూడో దానికి 'ఉన్నాయి, వచ్చి ఒకటి చూడండి' అంటే ఫీజు గురించి ఆలోచించండి. జవాబు ఇవ్వకుండా 'ఈ రోజే జాయిన్ అయితే డిస్కౌంట్' అంటే, లేచి వచ్చేసి ఆ డబ్బులో 300 డాలర్లు పరీక్షకి పక్కన పెట్టుకోండి.